దొరసాని భోజనానికొచ్చిన రోజు

మా బీచ్ హోటల్లో అతిథుల గదులన్నీ సముద్రం వైపుంటాయి. లాండ్రీ ఒక్కటే వెనక రోడ్డు వైపు. ఆవిరికి అక్కడ గోడలకు కూడా చెమటలు పడతాయి. ఆ ఆవిరిలో నా ఎదురు బల్ల మీద ఏళ్ల తరబడి దుప్పట్లు ఇస్త్రీ చేసిన మనిషి గురించి చెబుతున్నాను. లాండ్రీలో అందరం ఆమెను వదినా అనే పిలిచేవాళ్లం. పెద్ద మాటకారి కాదు గానీ ఒక మాట అందంటే సూటిగా తగిలేది. ఒకసారి కొత్త సూపర్‌వైజరు వచ్చి దుప్పటి మీద ఒక్క మడత కనబడకూడదని క్లాసు పీకుతుంటే, "మనం మడతలు తీస్తాం సార్, వాళ్లు మడతలు పెడతారు. అందుకేగా మనకీ ఉద్యోగాలు" అంది. ఆయన నవ్వాలో కోప్పడాలో తెలీక వెళ్లిపోయాడు.

వదిన భర్తను ఊరంతా అలల మాస్టారు అనేది. పలక మీద నిలబడి అల మీద ఎలా జారాలో టూరిస్టులకు నేర్పేవాడు. చూడచక్కని మనిషి. ఎవరితో మాట్లాడుతున్నా, లోకంలో ఆ మనిషి తప్ప ఇంకెవరూ లేనట్టు చూసేవాడు. వదిన కూడా ఒకప్పుడు ఆ చూపుకే పడిపోయి, ఇంట్లోవాళ్లను ఎదిరించి మరీ చేసుకుంది.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. సీజన్ మొదలైతే బార్ల సందులోకి అమ్మాయిల కోసం మగవాళ్లొస్తారు. ఇసుక మీదికి మగవాళ్ల కోసం పెద్ద వయసు విదేశీ ఆడవాళ్లొస్తారు. సందులో అమ్మాయిలకు ఊరు పెట్టిన పేరు పిల్లల ముందు అనలేం. ఇసుక మీద మగవాళ్లకు మాత్రం ఏ పేరూ పెట్టలేదు. "వాడికో ఫ్రెండుంది" అంటారంతే. ఫ్రెండున్న ఇంటికి స్లాబ్ పడుతుంది, ఫ్రిజ్జొస్తుంది, పెళ్లిళ్లకు వెళ్తే ముందు వరసలో కుర్చీ వేస్తారు.

వదిన ఇంట్లో అబద్ధం చాలా చిన్నగా మొదలైంది. చంకలో పాపతో, పక్కన మాస్టారుతో ఆమె కూరగాయల మార్కెట్‌కి వెళ్తుంటే, ఆయన దగ్గర నేర్చుకునే దొరసాని ఒకామె ఎదురైంది. వెండి రంగు జుట్టు, ఎండకు మచ్చలు పడ్డ భుజాలు. ఇంచుమించు అత్తగారి ఈడు. ఎవరన్నట్టు చూస్తే మాస్టారు తడుముకోకుండా "సిస్టర్" అన్నాడు. ఆ ముక్క వదినకు అర్థమైంది.

ఇంటికొచ్చాక, "అదేంటి, నన్ను అక్కను చేసేశావు?" అని నిలదీసింది.

"పెళ్లయిందని తెలిస్తే క్లాసులు మానేస్తారే. నోటి మాటేగా. అంత మాత్రాన నువ్వు నా అక్కవైపోతావా ఏంటి?"

ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. ఆ పూటంతా "అక్కా, మంచినీళ్లియ్యవే" అని ఆటపట్టించాడట.

తర్వాత క్లాసు కాస్తా స్నేహమైంది. స్నేహం కాస్తా దొరసాని కాటేజీలో మకామైంది. ఆమె ఏటా వచ్చేది, వచ్చిందంటే సీజనంతా ఉండేది. అన్నాళ్లూ మాస్టారు ఇంటికి బట్టల కోసమే వచ్చేవాడు. వదిన ఏడ్చింది, తిట్టింది, పుట్టింటికి పోతానంది. పుట్టింటి తలుపు ఎప్పుడో మూసుకుందని అందరికీ తెలుసు. అత్తగారు పక్కన కూర్చోబెట్టుకుని, "మగాడమ్మా, వాడికేం అంటుకుంటుంది? ఒళ్లు కడుక్కుంటే పోయేదానికి కాపురం కూల్చుకుంటావా?" అంది. ఆ వానాకాలానికి ఇంటి మీద రేకులు పోయి స్లాబ్ పడింది. కారే చోటల్లా గిన్నెలు పెట్టుకుని చంటిపిల్లను ఒళ్లో వేసుకుని కూర్చున్న మనిషి, పొడి నేల మీద కాళ్లు చాపుకున్నాక నోరు కొంచెం మెత్తబడుతుంది. తర్వాతి సీజన్లో దొరసాని శాలువా ఇస్తే, అది కప్పుకుని ఆమెను కావలించుకుంది కూడా. ఆ సంగతులేవీ వదిన నా దగ్గర దాచలేదు. "నేనూ తిన్నానే ఆ కూడు. లేదంటే కళ్లు పోతాయి" అనేది.

ఆ కాటేజీ మా హోటల్‌దే. దాని దుప్పట్లు మా లాండ్రీకే వచ్చేవి. అంచున నీలం దారంతో గుర్తు కుట్టి ఉండేది. గుర్తు కనబడగానే నేను గబుక్కున నా బల్ల మీదికి లాక్కునేదాన్ని. ఒకరోజు వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇటియ్యి. ఎవరు చేస్తే ఏంటి, ఇస్త్రీయేగా." ఇస్త్రీపెట్టెను ఆమె అంత గట్టిగా నొక్కడం నేను అంతకుముందెప్పుడూ చూళ్లేదు.

వాళ్ల ఇంటి వెనక ఒక గది అద్దెకిచ్చారు. అందులో ఉన్నమ్మాయి బార్ల సందులో పనిచేసేది. ముప్ఫై దాటిన మనిషి. మధ్యాహ్నం దాకా నిద్రపోయి, లేచాక పాపకు రకరకాల జడలు వేస్తూ కూర్చునేది. అత్తగారు ఆమె దగ్గర అద్దె చేత్తో పుచ్చుకునేది కాదు, గట్టు మీద పెట్టి పొమ్మనేది. ఒకరోజు ఆ అమ్మాయి నవ్వుతూనే వదినతో అంది: "అక్కా, మీ ఆయనదీ నాదీ ఒకటే డ్యూటీ. ఆయనొస్తే మీ అత్తగారు కాళ్లకు నీళ్లిస్తుంది. నేనొస్తే గుమ్మం కడుక్కుంటుంది."

వదినకు చర్రున మండింది. కొన్నాళ్లు ఆమెతో మాట్లాడటమే మానేసింది. కానీ ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉందని నాతో చెప్పింది.

మూడో సీజన్లో మాస్టారు ఒక పొద్దున్నే ఇంటికొచ్చి, తల్లినీ పెళ్లాన్నీ కూర్చోబెట్టాడు. "ఈ ఆదివారం ఆవిడ మనింటికి భోజనానికొస్తుంది."

"దేనికి?" అంది వదిన.

"అడగడానికి." కాసేపు గోళ్లు చూసుకున్నాడు. "పెళ్లి గురించి. వాళ్ల పద్ధతిలో రిజిస్టర్ చేసుకుంటే ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ ఉండొచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల ఇష్టం తెలుసుకోకుండా చేసుకోనంటోంది. మంచి మనిషే."

"పెద్దవాళ్లంటే?"

"అమ్మ." గొంతు తగ్గించాడు. "అక్క."

అత్తగారే అంది, "కాగితం మీద పెళ్లేగా? కాగితం చింపితే చిరుగుతుంది."

ఆ రోజు నుంచి ఇల్లు నాటకానికి ముస్తాబైంది. గోడ మీద పెళ్లి ఫొటో తీసి బియ్యం డబ్బా వెనక పెట్టారు. ఫొటో ఉన్నచోట గోడ తెల్లగా మచ్చలా కనబడుతుంటే దాని మీద ఒక క్యాలెండర్ తగిలించారు. పాపకు నాలుగేళ్లు. మాస్టారు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని కొత్త ఆట నేర్పాడు. "నన్ను నాన్నా అంటే నువ్వు అవుట్. మామయ్యా అంటే బిస్కెట్." పాప చురుకైనది. పూట తిరక్కుండా నేర్చేసుకుంది.

శనివారం వదిన లాండ్రీకొచ్చి బల్ల ముందు అలాగే నిలబడిపోయింది. ఇస్త్రీపెట్టె వేడెక్కి వాసనొస్తోంది.

"ఏమైంది వదినా?"

"పొద్దున పాప గుమ్మం మీద పడి మోకాలు చెక్కుకుపోయింది. రక్తమొచ్చింది. ఏడుస్తూ వాళ్ల నాన్న దగ్గరికి చేతులు చాపుకుని పరిగెత్తింది. మామయ్యా, మామయ్యా అంటూ పరిగెత్తిందే. అప్పుడు ఇంట్లో మేం తప్ప ఎవరూ లేరు."

"ఆయనేమన్నాడు?"

"బిస్కెట్ ఇచ్చాడు."

ఆదివారం వంటకు సాయంగా నన్ను రమ్మంది. నేను వెళ్లేసరికి పెరట్లో అత్తగారు వెనకగది అమ్మాయి మీద అరుస్తోంది. "మర్యాదస్తులొచ్చే ఇల్లు! నీలాంటిదాన్ని చూస్తే ఏమనుకుంటారు? పొద్దున్నే ఖాళీ చెయ్యమన్నానా లేదా?" అమ్మాయి సూట్‌కేసులో బట్టలు కుక్కుతోంది. వదిన వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉల్లిపాయ తరుగుతోంది. నేనేదో అనబోతే కత్తి ఎత్తి "ష్" అంది.

దొరసాని నూలు గౌను వేసుకుని, చేతిలో పూలతో వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విప్పింది. ఆమెను చూస్తే నాకు కోపం రావాల్సింది. రాలేదు. పరీక్షకొచ్చిన పిల్లలా చేతులు నలుపుకుంటోంది. అత్తగారు ఎదురెళ్లి లోపలికి తీసుకొచ్చి, వదిన భుజం మీద చెయ్యేసి "నా కూతురు" అంది. కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు. "ఒక్క పూట కూతురి హోదా దక్కింది" అని తర్వాత వదినే నవ్వింది. అప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

నేల మీద అందరూ కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను. పాప దొరసాని పక్కన చేరి, మాస్టారు వైపు వేలు చూపించి "మామయ్య" అంది. చెప్పి, బిస్కెట్ కోసం చెయ్యి చాపింది. మాస్టారు మొహం చిట్లించాడు. దొరసానికి అర్థం కాక నవ్వింది.

ఉన్నట్టుండి దొరసాని చేతి రుమాలుతో వేళ్లు తుడుచుకుని, వదిన రెండు చేతులూ పట్టుకుంది. మెల్లగా ఏదో చెప్పింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మాస్టారు తర్జుమా చెయ్యలేదు, చేప ముల్లు తీస్తూ కూర్చున్నాడు. కానీ హోటల్లో పనిచేసేవాళ్లకు ఇంగ్లీషు ముక్కలు చెవిన పడుతూనే ఉంటాయి. హజ్బెండ్, సీ, సారీ. ఈ మూడు ముక్కలూ నాకూ తెలుసు, వదినకూ తెలుసు.

వదిన మొగుడి వైపు తిరిగింది. "నా మొగుడు సముద్రంలో పోయాడని చెప్పావా?"

"తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు ఆయన, నవ్వు మొహం తియ్యకుండానే.

"చెప్పావా?"

"మరి పాప ఎక్కడిదంటే ఏం చెప్పను? మెల్లగా మాట్లాడు."

సముద్రంలో పోయిన మనిషి ఎదురుగా కూర్చుని ముద్ద కలుపుకుంటున్నాడు. ఇన్నాళ్లూ అక్కను చేస్తే ఊరుకుంది. ఇప్పుడు కట్టుకున్నవాడే బతికుండగా ఆమెను విధవను చేసి, ఆ జాలిని కూడా వాడుకున్నాడు.

దొరసాని గొంతు సవరించుకుని అసలు మాట మొదలుపెట్టింది. మాస్టారు చెప్పాడు: "నన్ను చేసుకోవడం మీకు ఇష్టమేనా అని అడుగుతోంది. ముందు అమ్మ, తర్వాత నువ్వు."

అత్తగారు గట్టిగా తలూపింది. అందరూ వదిన వైపు చూశారు.

వదిన నిదానంగా, ఒక్కో మాటా విడివిడిగా అంది: "నేను ఈయన అక్కను కాను. భార్యను. ఈ పాప ఈయన కూతురు. చెప్పు."

మాస్టారు దొరసాని వైపు తిరిగి గడగడా ఏదో చెప్పాడు. దొరసాని మొహం దీపంలా వెలిగింది. లేచొచ్చి వదినను కావలించుకుంది.

ఆ కౌగిలిలో వదిన కొయ్యలా బిగుసుకుపోయింది. ఆమెకు ఇష్టమేనని చెప్పాడని మాకందరికీ తెలిసిపోయింది. దొరసానిని మెల్లగా విడిపించుకుని, తన గుండె మీద వేలు పెట్టుకుని, "నో సిస్టర్. వైఫ్" అంది.

దొరసాని నవ్వు ఆగింది. మాస్టారును చూసింది. ఆయన హాయిగా నవ్వేసి, ఇంగ్లీషులో ఏదో అంటూ తల దగ్గర వేలు తిప్పాడు. పాపం, దానికి ఇంగ్లీషు రాదు, మాటలు తారుమారు చేస్తుంది, అలాంటిదేదో. దొరసాని నమ్మాలనే చూసింది. నాకు అది స్పష్టంగా కనబడింది.

వదిన పాపను దగ్గరికి లాక్కుంది. "అమ్మలూ, మీ నాన్న..." అని మొదలుపెట్టింది. పాప తల్లి మొహం చూసి, తండ్రి మొహం చూసి, ఏది చెబితే అవుటో తెలీక పెదవులు వణికించింది. వదిన ఆగిపోయింది. "వద్దులే తల్లీ. నువ్వు అన్నం తిను" అని లేచి పెరటి వైపు నడిచింది.

మాస్టారు వెనకే వెళ్లి వంటింటి గుమ్మంలో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను. "పరువు తీస్తావా? ఈ ఇల్లెవరిదనుకున్నావు?" పళ్ల మధ్య నుంచి అన్నాడు.

"నాకు తెలుసు ఎవరిదో. చెయ్యి వదులు."

"వదలను."

"సరే, ఇలాగే పట్టుకుని అందరి ముందుకీ తీసుకెళ్లు. అక్కను ఇలా పట్టుకుంటారేమో ఆవిడ చూస్తుంది."

ఆయన వదిలేశాడు.

వెనకగది అమ్మాయి సూట్‌కేసు మీద కూర్చుని ఆటో కోసం చూస్తోంది. వదిన ఆమె ముందు నిలబడింది. "నీకు ఇంగ్లీషు బాగా వచ్చుగా. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పాలి. ఒక్క ముక్క కలపకు, ఒక్క ముక్క తియ్యకు."

అమ్మాయి బిత్తరపోయింది. "నన్నెందుకు లాగుతావక్కా? మీ ఆయన రేపు సందులో ఒక్క మాట చెబితే నన్నెక్కడా పనిలో పెట్టుకోరు."

"నిజమే. ఊరికే రమ్మనట్లేదు, బతిమాలుతున్నాను."

అమ్మాయి లేచి జుట్టు ముడేసుకుంది.

గుమ్మంలో అత్తగారు రెండు చేతులూ అడ్డం పెట్టింది. "ఇది నా ఇంట్లో అడుగు పెడితే నా శవం మీద నుంచే!"

"పక్కకు జరగండి అత్తయ్యా" అంది వదిన. 'అత్తయ్యా' అన్న మాట దొరసాని దాకా వెళ్లింది. ఆ మాటకు అర్థం ఆమెకు తెలీదు గానీ, కూతురు తల్లిని పిలిచే మాట అది కాదని ఆమెకు తెలిసినట్టే ఉంది. ఏటా వస్తూ పోతూ అమ్మ అనే మాట నేర్చుకుంది మరి.

వెనకగది అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడి, వదిన మాటలను ఒక్కొక్కటే ఇంగ్లీషులో పెట్టింది. మాస్టారు మధ్యలో అరిచాడు. దొరసాని ఆయన వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపింది. వదిన బియ్యం డబ్బా వెనక నుంచి ఫొటో తెచ్చి ముందు పెట్టింది.

దొరసాని ఫొటో చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత దొరసాని అడిగింది, అమ్మాయి తర్జుమా చేసింది: "నేనిచ్చిన శాలువా కప్పుకున్నావు. నన్ను కావలించుకున్నావు. మూడేళ్లు నువ్వు కూడా అబద్ధమాడావు కదా?"

"ఆడాను" అంది వదిన. "ఇప్పుడు నేనొకటి అడుగుతాను. ఈ వయసు మగాడికి పెళ్లాం లేదంటే, పాప ముక్కు అచ్చం ఆయన ముక్కులా ఉంటే, ఒక్కసారైనా అనుమానం రాలేదా?"

దొరసాని మొహం ఎర్రబడింది. "మొదటి ఏడు అడిగాను. లేదన్నాడు. మళ్లీ అడగలేదు. అడగాలనిపించలేదు."

అమ్మాయి ఆ మాటలు తర్జుమా చేస్తూ గొంతు తగ్గించింది. దొరసాని లేచి, గుమ్మం బయటికెళ్లి చెప్పులు వెతుక్కుంది. పాప పరిగెత్తుకెళ్లి ఒక చెప్పు అందించింది. దొరసాని దాని తల నిమిరి వెళ్లిపోయింది. మాస్టారు ఆమె వెనకే పరిగెత్తాడు. ఆ వారమే ఆమె గది ఖాళీ చేసి ఊరు విడిచి వెళ్లింది. మళ్లీ రాలేదు.

ఇక ఊరు. నోటికాడ కూడు తన్నుకున్న మొద్దుది అన్నారు. "దాని మొగుడు పోతే పోనీ, మా మొగుళ్ల మీదికి తెచ్చిందేం?" అని ఇసుక మీద పనిచేసేవాళ్ల పెళ్లాలే కుళాయి దగ్గర ఆమెను చూసి మొహం తిప్పుకున్నారు. ఎందుకంటే, ఆ సీజన్లో మిగతా దొరసానులు కూడా తమ వాళ్లను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. హోటల్‌వాళ్లు అతిథిని ఇబ్బంది పెట్టిందని వదినను పనిలోంచి తీసేశారు. కాటేజీ దుప్పట్లు నా బల్ల మీదికొచ్చాయి.

మాస్టారు కొన్నాళ్లకు తిరిగొచ్చాడు. వాకిట్లో నిలబడి, "అయిందేదో అయింది. ఆకలేస్తోంది" అన్నాడు.

"ఇసుక మీద నలుగురి ముందు నన్ను పెళ్లామని చెప్పు. పాపను కూతురని చెప్పు. అప్పుడు లోపలికి రా" అంది వదిన.

"చెబితే నాకు పనుండదు."

"నాకూ లేదుగా."

ఆయన వెళ్లి ఊరి చివర పలకలు అద్దెకిచ్చే షెడ్డులో ఉండసాగాడు. మరుసటి సీజన్‌కి ఇంకో ఫ్రెండు దొరికిందన్నారు. అందరం అత్తగారు కొడుకు దగ్గరికి పోతుందనుకున్నాం. మూట కట్టుకుంది కూడా. షెడ్డు దాకా వెళ్లి, సాయంత్రానికి అదే మూటతో తిరిగొచ్చింది. అక్కడ ఏం జరిగిందో ఎవరితోనూ చెప్పలేదు. "పడుకోడానికి చోటు లేదక్కడ" అంది అంతే. వదిన కూడా అడక్కుండా పళ్లెం పెట్టింది.

వదిన ఇప్పుడు చిన్న లాడ్జీల బట్టలు ఇంటి దగ్గరే ఉతికి ఇస్త్రీ చేస్తోంది. నేను కూడా హోటల్ మానేసి ఆమెతోనే చేరాను. వెనకగది అమ్మాయి ఆ రోజు ఆటో పంపించేసి అక్కడే ఉండిపోయింది. కొన్నాళ్లు సందులో ఆమెను ఎవరూ పనికి రానివ్వలేదు. ఇప్పుడు మళ్లీ వెళ్తోంది. మాతో ఇస్త్రీ చెయ్యమంటే, "ఆ వేడి నావల్ల కాదక్కా" అంటుంది. అత్తగారికి ఆమెతో ఇప్పటికీ మాటల్లేవు. కానీ అద్దె మాత్రం చేతికే తీసుకుంటోంది.

వానాకాలంలో టూరిస్టులుండరు. అప్పుడు మాస్టారు వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. పాప వెళ్లి పక్కన కూర్చుని బడి కబుర్లు చెబుతుంది. వదిన పళ్లెం అరుగు మీదికే తెచ్చిస్తుంది, లోపలికి రమ్మనదు. ఒకసారి నేను ఉండబట్టలేక, "ఆయన నలుగురి ముందూ చెబుతానంటే రానిస్తావా వదినా?" అని అడిగాను.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నిజంగానే ఆలోచించింది. "తెలీదే" అంది. "చెప్పనీ, చూద్దాం."